‘యు’, ‘ఆర్’ చోట్లు మార్చుకున్న రోజు

పదో తరగతి వరకూ తెలుగు మీడియంలో చదివి, టీచర్ ట్రైనింగ్ కూడా తెలుగులోనే చేసి, పద్దెనిమిదేళ్లు తెలుగులోనే పాఠాలు చెప్పిన నేను, ఒక జూన్‌లో బడి తెరిచేసరికి ఇంగ్లీషు మీడియం టీచర్నైపోయాను. ఇందులో నేను చేసిందేమీ లేదు. కొత్త పుస్తకాలు వచ్చాయి, అంతే. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో తెలుగు. పిల్లలు తెలుగు పేజీ వైపే చూసేవాళ్లు. నిజం చెప్పాలంటే నేనూ అటే చూసేదాన్ని.

మా ఇల్లు మార్కాపురంలో. బడేమో కొనకనమిట్ల మండలంలో ఒక చిన్న ఊళ్లో. పొద్దున్నే బస్సెక్కి, అడ్డరోడ్డు దగ్గర దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పోవాలి. బడిలో ఇద్దరమే టీచర్లం. ఒకటీ రెండూ తరగతులు హెడ్మాస్టరుగారివి. మూడు, నాలుగు, ఐదు నావి. నా మూడు తరగతుల్లో కలిపి ఇరవై ఇద్దరు పిల్లలు. సారుకి రిటైర్మెంట్ దగ్గరపడింది. "ఇంగ్లీషు నువ్వే చూసుకోమ్మా, ఈ వయసులో నాకు నోరు తిరగదు" అని మొదటి రోజే చేతులెత్తేశారు.

మా పిల్లలకు ఇంగ్లీషు మాటలు రాకపోలేదు. రైస్, వాటర్, గోట్, బస్సు, టాబ్లెట్, సెల్లు, చార్జర్, ఇవన్నీ ఊళ్లో ముసలివాళ్లకు కూడా తెలుసు. చిక్కంతా వాటిని పేర్చడంలో వచ్చేది. "ఐ రైస్ ఈట్" అనేవాళ్లు. "మై ఫాదర్ ఫీల్డ్ గోస్" అనేవాళ్లు. వాళ్లను ఏమనగలను? నా తలలో కూడా వాక్యం అట్లాగే తయారయ్యేది. నోరు తెరిచేముందు లోపలే ఒకసారి తెలుగులో అనుకుని, క్రియను చివర్నుంచి తీసుకొచ్చి మధ్యలో పెట్టుకుని, అప్పుడు బయటికి అనేదాన్ని. అంతలోకి ఎదుటివాళ్లు ఇంకో మాట మొదలుపెట్టేవాళ్లు. అందుకే ట్రైనింగులకు పోయినప్పుడు వెనక వరసలో కూర్చుని, ఎవరూ నన్ను లేపకుండా రాసుకుంటున్నట్టు తల వంచుకునేదాన్ని.

మా ఆయన పలకల కార్ఖానాలో పనిచేస్తాడు. ఒకరోజు అంచులు విరిగిన పలకలు ఒక గోతం నిండా తెచ్చిచ్చాడు. వాటి మీద తెల్ల పెయింటుతో పలకకో మాట చొప్పున రాశాను. ఒక పలక మీద ‘ఐ’, ఒక దాని మీద ‘రైస్’, ఇంకో దాని మీద ‘ఈట్’. తలా ఒక పలక పట్టుకుని పిల్లలు వరసగా నిలబడాలి. ముందు తెలుగు వరస. ఐ, రైస్, ఈట్. తర్వాత నేను "ఇంగ్లీషు!" అని అరవగానే, చివర నిలబడిన ‘ఈట్’ పరిగెత్తుకుంటూ వచ్చి మధ్యలో దూరాలి.

మొదటి వారమంతా తోపులాటే. ‘రైస్’ పట్టుకున్న పిల్లవాడు ఒకడు అసలు జరిగేవాడే కాదు. "నేను ముందొచ్చి నిలబడినా మేడమ్, వాడి కోసం నేనెందుకు జరగాల?" అని గొడవ. 

వాడికి జవాబు నాలుగో తరగతి పాప ఒకామె ఇచ్చింది. వాళ్లకు రెండెకరాల కందిచేను, కాసిని గొర్రెలు. గొర్రెల్ని కేకేసీ కేకేసీ ఏమో, ఆ పిల్ల గొంతు పక్క వీధి దాకా వినపడేది. "ఇంగ్లీషోళ్లకి తొందర మేడమ్" అంది ఆ గొంతుతో. "ఎవరు, ఏం జేసినాడు అనేది ముందే చెప్పేస్తారు. ఏం తిన్నాడు, యాడికి పోయినాడు అనేది తర్వాత నిదానంగా చెప్తారు. మనమేమో చివరిదాకా ఆపుతాం."

ఎన్ని ట్రైనింగులకు పోయానో లెక్కలేదు. ఇంత తేటగా నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను కూడా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కనపడినవాటితో లోలోపల వాక్యాలు కట్టడం మొదలుపెట్టాను. ఎవరు, ఏం చేశాడు, తర్వాత మిగతాది. దసరా సెలవులు దాటేసరికి పిల్లలు పలకలు లేకుండానే చెప్తున్నారు. "గోట్ ఈట్స్ మై బుక్" అని ఒకడు నిజంగానే జరిగిన సంగతి చెప్పి, నమిలిన పుస్తకం కూడా చూపించాడు.

కందికోతలు మొదలైన రోజుల్లో ప్రశ్నల పాఠం వచ్చింది. నేను బోర్డు మీద మూడు వాక్యాలు రాశాను. వేర్ యు ఆర్ గోయింగ్? వాట్ యు ఆర్ ఈటింగ్? వై యు ఆర్ క్రయింగ్? నా లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. ‘యు ఆర్ గోయింగ్’ అనేది పిల్లలకు అప్పటికే వచ్చు. దాని ముందు ‘వేర్’ తగిలిస్తే ప్రశ్న. నేను ఏళ్ల తరబడి అట్లాగే అనుకుంటున్నాను, అట్లాగే వింటున్నాను. పిల్లలు రాసుకున్నారు. ఒక్కొక్కరి నోట్సు చూసి ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాను. ఆ గొర్రెలవాళ్ల పాప రాత ముత్యాల్లా ఉందని పక్కన ‘గుడ్’ అని కూడా రాశాను.

ఆ వారమంతా ఊళ్లో ఎవరూ తప్పించుకోలేదు. చేనికి పోయేవాళ్లను, పాలు పోయడానికి పోయేవాళ్లను పిల్లలు ఆపి మరీ అడిగారు, "వేర్ యు ఆర్ గోయింగ్?" అని. సాయంత్రం నేను ఆటో ఎక్కుతుంటే నన్నూ అడిగారు. "ఐ యామ్ గోయింగ్ టు మార్కాపూర్" అని కదులుతున్న ఆటోలోంచి అరిచాను. నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడి సంతోషపడింది నా జీవితంలో అదే మొదటిసారేమో.

మార్కులు వేసుకుందామని శుక్రవారం నోట్సులన్నీ ఇంటికి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం డిగ్రీ చదివే మా అమ్మాయి వాటిని తిరగేస్తూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ఈ టిక్కు నువ్వే పెట్టినావా?"

"నేను గాక ఇంకెవరు పెడ్తారు? ఏమైంది?"

"వేర్ యు ఆర్ గోయింగ్ ఏందమ్మా? వేర్ ఆర్ యు గోయింగ్ అనాల."

"రెండూ ఒకటేలే."

"ఒకటెట్లయితది? ప్రశ్న అడిగేటప్పుడు ‘ఆర్’ ముందుకొస్తది, ‘యు’ దాని వెనక్కి పోతది."

నేను వాదించాను. అది తన గ్రామరు పుస్తకం తెచ్చి పేజీ తీసి నా ముందు పెట్టింది. చదివాను. ఇంకోసారి చదివాను. తర్వాత నోట్సుల కట్ట వైపు చూశాను. ఇరవై ఇద్దరి పుస్తకాల్లో ఒక్కొక్కదాంట్లో మూడేసి తప్పులు, వాటన్నిటి పక్కనా నా టిక్కులు.

"రేపు పోయి దిద్దించెయ్యి, అయిపాయె" అని మా అమ్మాయి తేలిగ్గా అనేసి లేచిపోయింది.

నాకు అంత తేలిగ్గా లేదు. నేను వేసుకున్న పథకం ఏమిటో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. "ఈ రోజు ప్రశ్నలు అడగడంలో కొత్త పద్ధతి నేర్చుకుందాం" అని మొదలుపెట్టాలనుకున్నాను. పాతది తప్పని అననక్కరలేదు. పిల్లలు చిన్నవాళ్లు, రెండు రోజుల్లో మర్చిపోతారు. బస్సులో ఆ మాటనే పదిసార్లు అనుకుని, నోటికి వచ్చేదాకా సాధన చేసుకున్నాను.

సోమవారం పొద్దున బడి గేటు తీసుకుని లోపలికి పోయేసరికి వరండాలో ఆ గొర్రెలవాళ్ల పాప నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన పాప తల వంచుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఆయన లేచి తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"మేడమ్, శనివారం పాపని కనిగిరి తీసకపోయినా. ఆడ ప్రైవేటు బడిలో వచ్చే ఏడాదికి సీటు అడుగుదామని."

నాకు కొంచెం చివుక్కుమంది కానీ, "సరే అన్నా, ఏమన్నారు?" అన్నాను.

"ఆడ ఒక మేడమ్ ‘ఇంగ్లీషులో నన్నొక ప్రశ్న అడుగమ్మా’ అనింది. ఈమె గట్టిగా అడిగింది. అడగంగానే ఆయమ్మ నవ్వింది. పక్కనున్నాయన గూడ నవ్వినాడు. అట్ల గాదమ్మా, తప్పు, నీకెవరు ఇట్ల చెప్పినారు అని అడిగినారు." ఆయన కూతురి వైపు ఒకసారి చూశాడు. "ఈమె ఏమనిందో తెల్సా మేడమ్? మా మేడమ్ సక్కగానే చెప్పింది, నేనే మర్చిపోయినా అనింది."

ఆయన చెప్పుకుపోయాడు.

"నాకు తల కొట్టేసినట్టయింది. బస్సులో తిట్టుకుంటా వచ్చినా. ఇంటికొచ్చినాక ఒకటేసినా గూడ. మేడమ్ అంత దూరం నుంచి వచ్చి చెప్తా ఉంటే నువ్వు మర్చిపోతావా అని. మీరు గూడ కొంచెం గట్టిగా ఉండండి మేడమ్. ఈమెకి భయం లేకుండా పోయింది."

అంటే ఆయన నా మీద కోపంతో రాలేదు. నా తరఫున కూతుర్ని కొట్టి, ఇంకాస్త గట్టిగా ఉండమని నాకు చెప్పడానికి వచ్చాడు. పాప కాలి బొటనవేలితో సిమెంటు గచ్చు మీద గీస్తూ ఉంది. ఒక్కసారి తలెత్తి నన్ను చూసి, వెంటనే దించేసుకుంది. కనిగిరి మేడమ్ తనకు సరైన వాక్యం చెప్పే ఉంటుంది. తప్పు ఎవరిదో ఆ పిల్లకు శనివారమే తెలుసు. నాకంటే ఒకరోజు ముందే.

నోట్సులు నా భుజం మీది సంచిలోనే ఉన్నాయి. ఆయనకు ఇంగ్లీషు రాదు. "సరే అన్నా, నేను చూసుకుంటాలే" అంటే చాలు, ఆయన చేనికి పోతాడు. బస్సులో సాధన చేసిన వాక్యం కూడా సిద్ధంగా ఉంది. అప్పుడే హెడ్మాస్టరుగారు హాజరు పట్టీ చేత్తో పట్టుకుని గదిలోంచి బయటికి వచ్చారు. ఆయన ముందు ఇది జరగకుండా ఉంటే బాగుండేదని కూడా నాకనిపించింది.

సంచిలోంచి పాప నోట్సు వెతికి తీసి, ఆ పేజీ తెరిచి పాప వాళ్ల నాయన చేతికిచ్చాను.

"అన్నా, ఈ రాత పాపది. ఈ ఎర్ర టిక్కు నాది."

ఆయనకు అర్థం కాలేదు.

"పాప ఏమీ మర్చిపోలేదన్నా. నేను ఎట్ల చెప్పినానో అట్లనే చెప్పింది. నేనే తప్పు చెప్పినా. ఒక్క పాపకే గాదు, ఇరవై ఇద్దరికీ తప్పే చెప్పినా. నిన్న మా అమ్మాయి చూపించేదాక అది తప్పని నాకే తెలీదు."

ఆయన ఆ పేజీ వైపు చూశాడు. ఒక చోట వేలు పెట్టి, "ఈడ గుడ్ రాసినారని పాప చూపిచ్చింది గదా?" అన్నాడు.

"అవునన్నా. తప్పుకి గుడ్ రాసినా."

"మీకే రాకపోతే పిల్లోళ్లకేం చెప్తారు" అనే మాట వస్తుందని ఎదురుచూశాను. అంటే పడాల్సిందేనని కాళ్లు నిలదొక్కుకుని నిలబడ్డాను. ఆయన నా వైపు చూడనేలేదు. కూతురి వైపు తిరిగాడు.

"ఏమ్మా, మేడమ్ ఇట్ల చెప్పిందని ఆడ అనొచ్చు గదా?"

"అంటే మేడమ్‌ని చూసి నవ్వుతారు గదా నాయనా" అంది పాప, నేలకేసి చూస్తూనే. ఆ గొంతు అంత చిన్నగా పలకడం అంతకుముందు నేను వినలేదు.

నాకు కళ్లు నిండిపోయాయి. చీర కొంగుతో తుడుచుకుంటే తెలిసిపోతుందని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు వంగాను. ఆయన పాప వీపు మీద చెయ్యి వేసి, "ఊరికే కొడ్తి గదమ్మా నిన్ను" అన్నాడు.

"మెల్లగానే కొట్టినావులే" అంది పాప.

ఆ మాటకు మొదట హెడ్మాస్టరుగారు నవ్వారు. తర్వాత పాప నాయన నవ్వాడు. తువ్వాలుతో మొహం ఒకసారి గట్టిగా తుడుచుకుని నన్నడిగాడు.

"మరి ఇప్పుడు సరైంది తెలిసిందా మేడమ్?"

"తెలిసిందన్నా."

"అయితే చెప్పండి. నేను గూడ కూర్చొని ఇంటా."

ఆదివారం మధ్యాహ్నం నుంచి గుండెల మీద కూర్చున్న బరువు అప్పుడు దిగింది. అరగంట ముందు బస్సులో అంత భయపడినదాన్ని నేనేనా అనిపించింది.

కందికోతలకు అమ్మానాన్నలతో పోయినవాళ్లు పోగా ఆ రోజు నా తరగతుల్లో తొమ్మిది మందే వచ్చారు. ముందు వాళ్లకు చెప్పాను, పోయిన వారం నేను మీకు తప్పు చెప్పాను, ఈ రోజు దిద్దుకుందాం అని. ఐదో తరగతి పిల్లవాడొకడు మెల్లగా లేచి, "మేడమ్‌లు గూడ తప్పు చేస్తారా?" అని అడిగాడు.

"చేస్తారు" అన్నారు హెడ్మాస్టరుగారు గుమ్మంలోంచి. "సార్లు గూడ చేస్తారు. కూర్చో."

తప్పు వాక్యం, ఒప్పు వాక్యం పక్కపక్కన రెండు వరసలుగా నిలబెడితే పిల్లలకు తేడా కంటికి కనపడుతుందని నా ఆలోచన. వరసకు ఐదు పలకలు. వేర్, యు, ఆర్, గోయింగ్, చివర ప్రశ్న గుర్తు. మొత్తం పది పలకలు, తొమ్మిది మంది పిల్లలు. ఒకరు తక్కువయ్యారు. పాప వాళ్ల నాయన వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాడు లేచి, "నాకీయండి ఒకటి" అన్నాడు.

‘ఆర్’ పలక ఆయన చేతికిచ్చాను. రెండో వరసలో నిలబడ్డాడు. పక్కన ‘యు’ పలక పట్టుకుని పాప. ఆ పిల్ల తల ఆయన నడుము దాకానే వచ్చింది.

"నాయనా, పలక తలకిందులుగా పట్టుకున్నావు" అంది పాప. పిల్లలంతా నవ్వారు. ఆయన కూడా నవ్వి తిప్పి పట్టుకున్నాడు.

"ఇప్పుడు రెండు వరసలూ ఒకేలా ఉన్నాయి. రెండూ తప్పే" అని చెప్పాను. "మొదటి వరస కదలొద్దు. రెండో వరసలో ‘యు’, ‘ఆర్’ చోట్లు మార్చుకోండి."

ఆయన ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాడు. పాప ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "నాయనా, నువ్వు నా ముందుకు రా. నేను నీ వెనక్కి వస్తా." ఆయన ఒక అడుగు ముందుకేశాడు. పాప ఒక అడుగు వెనక్కి వేసింది.

"చదవండి" అన్నాను.

వేర్ ఆర్ యు గోయింగ్? పిల్లలు గట్టిగా చదివారు. పాప గొంతు మళ్లీ మామూలుగా, పక్క వీధి దాకా వినపడేలా వచ్చేసింది.

ఆయన పలక పట్టుకుని అటూ ఇటూ చూసి, "ఇంతేనా మేడమ్?" అన్నాడు. "ఈ ఒక్క అడుగుకేనా వాళ్లు అంతగా నవ్వింది?"

"అంతేనన్నా" అన్నాను. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత నోట్సులు పంచి, పాతవి చెరపొద్దని చెప్పాను. ఒక్కొక్కరి దగ్గరికి పోయి నా టిక్కును నేనే అడ్డంగా కొట్టేసి, కింద సరైన వాక్యం రాయించాను. పాప పుస్తకంలో ‘గుడ్’ దగ్గరికి వచ్చి దాన్ని కూడా కొట్టేయబోతే ఆ పిల్ల అరచేత్తో మూసేసింది. "అది ఉండనీ మేడమ్." సరేనన్నాను. రాత బాగుందనే కదా రాసింది.

వాళ్ల నాయన బయల్దేరి గేటు దాటుతుంటే కిటికీలోంచి పిల్లలు ఒక్కసారిగా అరిచారు, వేర్ ఆర్ యు గోయింగ్ అని. ఆయన వెనక్కి తిరిగి, "చేనికి గోయింగ్!" అని చెయ్యూపి పోయాడు. ఆ తర్వాత పది రోజులకు కాబోలు, పాపను కనిగిరి పంపడం మానుకున్నామని, ఐదో తరగతి కూడా ఇక్కడే చదువుతుందని వాళ్లమ్మ చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. మా బడి గొప్పదని అనుకున్నారో, బస్సు దూరమనుకున్నారో నాకు తెలియదు. పాప ఇప్పుడు హైస్కూల్లో ఉంది. అప్పుడప్పుడు ఆటో కోసం నిలబడినప్పుడు కనిపిస్తుంది. ఇంగ్లీషులో నాకంటే గబగబా మాట్లాడుతుంది. మధ్యలో నాకేదైనా అర్థం కాకపోతే ఆపి అడుగుతాను.

ఆ తప్పు దిద్దుకున్న నెల చివర్లో చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ మీటింగ్ జరిగింది. నేను అలవాటు ప్రకారం వెనక వరసలోనే కూర్చున్నాను. పాఠాల గురించి ఎవరికైనా సందేహాలున్నాయా అని మీటింగ్ నడిపే సారు అడిగారు. ఎప్పటిలాగే అందరూ రాసుకుంటున్నట్టు తలలు వంచుకున్నారు. నేను లేచాను. "సార్, వై యు ఆర్ క్రయింగ్ అని మా పిల్లలకు తప్పు చెప్పి, మళ్లీ దిద్దుకున్నాను. ‘ఆర్’ సంగతి తెలిసింది. ‘డు’, ‘డజ్’ వచ్చే ప్రశ్నల్లో ఏది ముందు పెట్టాలో నాకు ఇంకా తెలియడం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్తారా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ముందు వరసలోని హైస్కూలు ఇంగ్లీషు మేడమ్ లేచి బోర్డు దగ్గరికి పోయింది. ఆమె సుద్దముక్క తీసుకుంటూ ఉండగా, నా పక్కన కూర్చున్న పెద్దాయన, నాకంటే పదేళ్లు సీనియర్, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. దాని నిండా చిన్న చిన్న అక్షరాలతో ఇంగ్లీషు వాక్యాలు, ఒక్కొక్కదాని పక్కన పెన్సిలుతో ప్రశ్న గుర్తు. దాన్ని మెల్లగా నా వైపు జరిపి, "నావి గూడ ఉన్నాయమ్మా, ఎట్లాగూ లేచినావు గదా, ఇవి గూడ అడుగు" అన్నాడు.

"మీరే అడగండి సార్, నేను పక్కనే నిలబడతా" అన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, కళ్లజోడు పెట్టుకుని లేచాడు.